జారిపడి గాయపడితే సెటిల్మెంట్ విలువను ఎలా అంచనా వేసుకోవాలి: అమెరికాలో క్లెయిమ్ వేసేవారికి

అమెరికాలో ఒక దుకాణంలోనో, అపార్ట్‌మెంట్ మెట్ల మీదనో, హోటల్ వరండాలోనో పడి ఎముక విరగ్గొట్టుకున్నవారు, కట్టు విప్పకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి ఎంత వస్తుంది? ఇంటర్నెట్‌లో దొరికే కాలిక్యులేటర్లు ఆసుపత్రి బిల్లును 3తోనో 4తోనో గుణించి ఒక పెద్ద అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి కూర్చున్నవారు బీమా కంపెనీ మొదటి ఉత్తరం చూడగానే కుంగిపోతారు, లేదా న్యాయంగా రావలసిన దానికంటే తక్కువకే సంతకం పెట్టేస్తారు. ఆవరణ యజమాని బాధ్యతకు సంబంధించిన క్లెయిమ్‌లో విలువను నిర్ణయించేది బిల్లు ఒక్కటే కాదు. యజమాని తప్పును రుజువు చేయగలమా, ఆ తప్పులో మన వాటా ఎంత, చెల్లించడానికి అవతల ఎంత పాలసీ ఉంది, చివరికి మన చేతికి ఎంత మిగులుతుంది అనే ప్రశ్నలకు ఇదే వరుసలో జవాబులు వెతుక్కుంటే మీ అంకె మీకే తెలుస్తుంది.

ముందుగా బాధ్యత సంగతి తేల్చుకోండి

వెనుక నుంచి వచ్చి గుద్దిన కారు విషయంలో తప్పెవరిదో చాలావరకు చూడగానే తెలిసిపోతుంది. జారిపడిన కేసులో అలా ఉండదు. ఒకరి ఆవరణలో పడ్డంత మాత్రాన ఆ యజమాని నష్టపరిహారం ఇవ్వవలసిన పని లేదు. అక్కడ ప్రమాదకరమైన పరిస్థితి ఉందని, దాన్ని యజమానో అతని సిబ్బందో కల్పించారని, లేదా వారికి అది తెలుసని, లేదా శ్రద్ధగా తనిఖీ చేసి ఉంటే తెలిసి ఉండేదని, అయినా సరిచేయలేదని, హెచ్చరించలేదని, మీ గాయానికి అదే కారణమని మీరు చూపాలి. ఇందులో "తెలిసి ఉండేది" అన్న ముక్క దగ్గరే ఎక్కువ కేసులు గెలుస్తాయి, అక్కడే ఎక్కువ కేసులు ఓడిపోతాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి మసాచుసెట్స్ సుప్రీం జుడీషియల్ కోర్టు తీర్పులు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ రైల్వే ప్లాట్‌ఫారాల మీద అరటి తొక్క తొక్కి పడినవారివే. 1901 నాటి కేసులో ఆ తొక్కను ఎవరో ప్రయాణికుడు నిమిషం ముందే పడేసి ఉండవచ్చు కాబట్టి రైల్వే కంపెనీకి తెలిసే అవకాశం లేదని కోర్టు భావించింది, వాది ఓడిపోయాడు. 1911 నాటి కేసులో ఆ తొక్క ఎలా ఉందో చూసిన సాక్షులు ఉన్నారు: అది ఎండిపోయి, నల్లబడి, దుమ్ము పట్టి, ఎందరో తొక్కినట్టు అణిగిపోయి ఉంది. అంటే అది చాలాసేపటి నుంచి అక్కడే పడి ఉంది, ఊడ్చి తీసేయవలసిన సిబ్బంది తీసేయలేదు. ఆ వాది గెలిచింది. పడినది ఒకే రకమైన తొక్క మీద, తీర్పు తేలింది దాని రంగు దగ్గర.

ఈనాటి దుకాణంలో ఆ నల్లబడిన రంగుకు సమానమైన ఆనవాలు ఏమిటో మీరు వెతకాలి. కారిన నీళ్ల అంచులు ఆరిపోయి మరక కట్టాయా? ఆ తడిలోంచి బండి చక్రాల చారలు వెళ్లాయా? నేల ఊడ్చిన వేళలు రాసుకునే పట్టీలో ఆ గంటకు సంతకం ఉందా? ఫ్రీజర్ కారుతోందని అంతకుముందే మరమ్మతు కోసం ఎవరైనా రాసి పెట్టారా? వీటిలో ఏ ఒక్కటి దొరికినా మీ క్లెయిమ్ విలువ మారిపోతుంది. ఫ్లోరిడాలో ఇది చట్టంలోనే ఉంది: వ్యాపార స్థలంలో నేల మీద పడిన పదార్థం వల్ల జారితే, అది యజమానికి తెలుసని లేదా తెలిసి ఉండవలసిందని గాయపడినవారే రుజువు చేయాలి.

అందువల్ల అంచనా కట్టేముందు చేయవలసిన పని సాక్ష్యాన్ని కాపాడుకోవడం. దుకాణాల్లోని కెమెరాలు పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డు చేసుకుంటూ పోతాయి. కాబట్టి ప్రమాదం జరిగిన తేదీ, వేళ, చోటు స్పష్టంగా రాసి, ఆ రోజు వీడియోను, ఊడ్చిన పట్టీలను, మరమ్మతు రికార్డులను చెరపకుండా భద్రపరచమని కోరుతూ రసీదు వచ్చే పద్ధతిలో మొదటి కొద్ది రోజుల్లోనే ఉత్తరం పంపండి. ఆ తర్వాత కూడా చెరిపేస్తే, దాన్ని వారికి వ్యతిరేకంగా చూడమని కోర్టును అడిగే వీలు ఉంటుంది. ఆ రోజు వేసుకున్న చెప్పులను కడగకుండా, మళ్లీ వేసుకోకుండా ఒక సంచిలో కట్టి పెట్టండి. అరిగిపోయిన అడుగుభాగం వల్లే పడ్డారని అవతలివారు అనకుండా ఉండరు, అప్పుడు చూపడానికి అవి కావాలి.

పాత చట్టం ప్రకారం ఆవరణలోకి వచ్చినవారిని కొనుగోలుదారులు, అతిథులు, అనుమతి లేకుండా చొరబడినవారు అని విడదీసి, ఒక్కొక్కరి పట్ల యజమానికి ఒక్కో స్థాయి బాధ్యతను విధించేవారు. కాలిఫోర్నియా 1968లో, న్యూయార్క్ 1976లో ఈ విభజనను వదిలి, పరిస్థితిని బట్టి సహేతుకమైన జాగ్రత్త అనే ఒకే కొలతకు మారాయి. చాలా రాష్ట్రాల్లో పాత విభజన ఏదో ఒక రూపంలో ఇంకా ఉంది. దుకాణంలో పడినవారికి దీనితో పెద్దగా ఇబ్బంది లేదు గానీ, స్నేహితుల ఇంట్లో పడినవారు తమ రాష్ట్రంలో పద్ధతి ఏమిటో చూసుకోవాలి.

ఇప్పుడు మీకు మీరే ఒక శాతం వేసుకోండి. తడిగుడ్డ పెట్టి తుడిచి హెచ్చరిక బోర్డు పెట్టకుండా సిబ్బందే వెళ్లిపోయారని వీడియోలో కనిపిస్తే, బాధ్యత రుజువయ్యే అవకాశం నా దృష్టిలో నూటికి 80కి పైమాటే. ఫ్రీజర్ కారుతున్న సంగతి పాత రికార్డులో ఉంటే 60 నుంచి 70. వీడియో లేదు, సాక్షి లేరు, ఆ నీళ్లు ఎప్పటివో చెప్పే ఆధారమూ లేదంటే 25 అనుకోవడం కూడా ధైర్యమే. ఈ శాతాలు ఏ చట్టంలోనూ రాసి ఉండవు. అయితే అవతల అడ్జస్టర్ (క్లెయిమ్‌ను పరిశీలించి విలువ కట్టే బీమా కంపెనీ మనిషి) తన ఫైలులో వేసుకునేది కూడా ఇలాంటి అంచనానే కాబట్టి, మనసుకు కష్టంగా ఉన్నా నిజాయితీగా వేసుకోండి.

తప్పులో మీ వాటా

ఫోన్ చూస్తూ నడిచారని, పసుపు బోర్డు కనిపిస్తూనే ఉందని, ఆ గుంత ఎవరికైనా తెలిసేదేనని యజమాని తరఫువారు తప్పకుండా వాదిస్తారు. ఆ వాదన ఎంత నష్టం చేస్తుందన్నది మీరు పడిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975 నుంచి, అలాగే న్యూయార్క్‌లోనూ, మీ తప్పు ఎంత శాతమో అంత మాత్రమే పరిహారంలోంచి తగ్గిస్తారు. 70 శాతం తప్పు మీదే అయినా మిగిలిన 30 శాతం వస్తుంది. టెక్సస్‌లో మీ తప్పు 50 శాతం దాటితే ఏమీ రాదు. ఫ్లోరిడా కూడా 2023 మార్చిలో ఇదే పద్ధతికి మారింది. జార్జియాలో 50 శాతానికి చేరితేనే హక్కు పోతుంది. అలబామా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాలలో మీ నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి ఏ కాస్త కారణమైనా మొత్తం క్లెయిమ్ పోయే పాత నియమమే ఇప్పటికీ నడుస్తోంది. వాషింగ్టన్ డీసీలోనూ ఇలాంటి కేసుల్లో అదే నియమం. డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఈ సంగతి తెలియక, కాలిఫోర్నియాలో ఉన్న బంధువుకు వచ్చిన మొత్తంతో పోల్చుకుని మోసపోతుంటారు.

నష్టాన్ని లెక్కగట్టడం

వైద్య ఖర్చుతో మొదలుపెట్టండి, కానీ ఏ అంకె తీసుకోవాలో ముందు తేల్చుకోండి. ఆసుపత్రి వేసిన బిల్లు ఒకటి, మీ ఆరోగ్య బీమా నిజంగా చెల్లించినది మరొకటి, ఈ రెండింటి మధ్య మూడింతల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 2011లో, బీమా ద్వారా చెల్లించి ముగించిన బిల్లుల విషయంలో నిజంగా చెల్లించిన మొత్తాన్నే నష్టంగా అడగవచ్చని తేల్చింది. టెక్సస్ చట్టమూ దాదాపు అదే చెబుతుంది. బిల్లు మొత్తాన్ని అడగనిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. కాలిక్యులేటర్లలో చాలావాటికి ఈ తేడానే తెలియదు.

తర్వాత పోయిన జీతం. పనికి వెళ్లని రోజులతో పాటు మీరు వాడేసుకున్న సిక్ లీవు, వెకేషన్ రోజులు కూడా నష్టమే, వాటిని వదిలేయకండి. సెలవు వివరాలతో మీరు పనిచేసే సంస్థ నుంచి ఉత్తరం, జీతపు పత్రాలు దగ్గర పెట్టుకోండి. ఇకముందు అయ్యే వైద్యానికి మీ నమ్మకం చాలదు, చికిత్స చేసిన వైద్యులు రాసిచ్చిన అభిప్రాయం కావాలి. ఈ కారణంగానే, ఇంతకుమించి మెరుగుపడదని వైద్యులు చెప్పే దశ వచ్చేదాకా సెటిల్మెంట్ మాట ఎత్తకపోవడం మంచిది. సంతకం పెట్టిన నాలుగు నెలలకు మరో ఆపరేషన్ అవసరమైతే ఆ ఖర్చు పూర్తిగా మీదే.

నొప్పికి, బాధకు, కోల్పోయిన సౌఖ్యానికి వెల కట్టడం అన్నిటికంటే కష్టం. వైద్య ఖర్చును 1.5 నుంచి 5 మధ్య ఏదో అంకెతో గుణించడం వాడుకలో ఉంది, రోజుకు ఇంత అని లెక్కగట్టే పద్ధతీ ఉంది. ఇవి కోర్టుకు కట్టుబాటు కావు, జ్యూరీకి ఎవరూ ఈ సూత్రం ఇవ్వరు. ఒక బీమా 20,000 డాలర్లు చెల్లించిన గాయానికే మరొక బీమా 35,000 చెల్లించి ఉంటే, రెండో మనిషికి నొప్పి ఎక్కువైనట్టు లెక్క తేలుతుంది, అందులో అర్థం లేదు. నిజంగా విలువను పెంచేవి వేరు: ఆపరేషన్ జరగడం, కనిపించే మచ్చ మిగలడం, శాశ్వతంగా కొంత కదలిక పోవడం, వాటిని వైద్య రికార్డు ధ్రువీకరించడం. విలువను తగ్గించేది చికిత్సలో విరామం. పడిన తర్వాత మూడు వారాలు వైద్యుల దగ్గరికి వెళ్లకపోతే, అంత నొప్పి ఉంటే ఎందుకు వెళ్లలేదని అడ్జస్టర్ మొదటి పేజీలోనే రాసుకుంటారు. పాత నడుం నొప్పి ఉన్నవారు దాన్ని దాచకూడదు. బలహీనంగా ఉన్న శరీరానికి తగిలిన దెబ్బకు కూడా తప్పు చేసినవారే బాధ్యులన్నది స్థిరపడిన సూత్రం, అయితే దాచిన సంగతి తర్వాత బయటపడితే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని రోజూ రెండు వాక్యాలు రాయండి. "చాలా నొప్పిగా ఉంది" అని రాయడం వల్ల ప్రయోజనం తక్కువ. "ఈ రోజు పాపకు జడ వేయలేకపోయాను, పక్కింటావిడ వేసి బడికి పంపింది" అని రాస్తే, విరిగిన మణికట్టు ఒక ఇంట్లో ఏం చేసిందో చదివినవారికి కనిపిస్తుంది.

ఒక లెక్క

ఇక్కడి అంకెలు లెక్క చూపడం కోసం నేను వేసుకున్నవి. కాలిఫోర్నియాలో ఒకామె కిరాణా దుకాణంలో ఫ్రీజర్ నుంచి కారిన నీళ్లలో జారి పడింది, మణికట్టు విరిగింది, లోహపు పలక వేసి ఆపరేషన్ చేశారు. ఆసుపత్రి బిల్లు 62,000 డాలర్లు, ఆరోగ్య బీమా చెల్లించింది 21,000, ఆమె చేతి నుంచి పెట్టింది 3,500. అంటే లెక్కలోకి వచ్చే వైద్య ఖర్చు 24,500. వారానికి 1,200 చొప్పున ఎనిమిది వారాల జీతం 9,600. ముందుముందు ఆ పలకను తీయవలసి రావచ్చు, దానికి 14,000 అవుతుంది, అవసరపడే అవకాశం సగం, కాబట్టి 7,000. డబ్బు రూపంలో కనిపించే నష్టం మొత్తం 41,100.

నొప్పికి, మిగిలిన మచ్చకు, కాస్త బిగుసుకుపోయిన చేతికి 60,000 నుంచి 1,10,000 వరకు జ్యూరీ ఇవ్వవచ్చని అనుకుందాం. పూర్తిగా గెలిస్తే 1,01,100 నుంచి 1,51,100 దాకా. ఆమె చేతిలో ఫోన్ ఉన్నట్టు వీడియోలో కనిపించింది కాబట్టి 20 శాతం తప్పు ఆమెదనుకుంటే, అది 80,880 నుంచి 1,20,880కి తగ్గుతుంది. మరమ్మతు రికార్డు ఉన్నందున బాధ్యత రుజువయ్యే అవకాశం 60 శాతం అనుకుంటే, ఈనాటి విలువ సుమారు 48,500 నుంచి 72,500. విచారణ దాకా వెళ్తే వైద్య నిపుణుల వాంగ్మూలాలకే వేల డాలర్లు అవుతాయి, కాబట్టి ఆమెకు ముందే ముగించుకోవడంలో లాభం ఉంది. అవతలివారు కూడా తమ లాయర్లకు చెల్లించాలి కాబట్టి వారికీ ఉంది. ఆ రెండు భయాల మధ్య ఎక్కడో సెటిల్మెంట్ కుదురుతుంది.

ఇదే ప్రమాదం వర్జీనియాలో జరిగి, నష్టం కూడా అంతే అనుకుందాం. ఫోన్ కారణంగా జ్యూరీ ఆమెలో ఏ కాస్త తప్పైనా చూసే అవకాశం సగం ఉందనుకుంటే, పూర్తి విలువలో 60 శాతానికి సగం, అంటే 30 శాతమే మిగులుతుంది: సుమారు 30,300 నుంచి 45,300. చేయి అదే, నొప్పి అదే.

అవతల ఉన్న పాలసీ ఎంత

మీ నష్టం ఎంత పెద్దదైనా చెల్లించేది చాలావరకు బీమా పాలసీయే. ఇళ్ల పాలసీల్లో బాధ్యత పరిమితి తరచు 1,00,000 నుంచి 3,00,000 డాలర్ల మధ్య ఉంటుంది. వ్యాపారాలకు అంతకంటే ఎక్కువ ఉండటం మామూలు. స్థలం యజమాని, దాన్ని అద్దెకు తీసుకున్న దుకాణం, శుభ్రం చేసే కాంట్రాక్టు సంస్థ వేర్వేరు కావచ్చు, ముగ్గురికీ వేర్వేరు పాలసీలు ఉండవచ్చు. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే కొద్ది మొత్తంలో వైద్య ఖర్చు చెల్లించే భాగం కొన్ని పాలసీల్లో ఉంటుంది, ఇళ్ల పాలసీల్లో అది తరచు 1,000 నుంచి 5,000 డాలర్లు. స్నేహితుల ఇంట్లో పడినవారు వారిమీద దావా వేయలేక మొహమాటపడుతుంటారు, అలాంటివారు కనీసం ఈ భాగాన్నైనా అడగవచ్చు, అందుకు ఎవరినీ కోర్టుకు లాగనక్కరలేదు.

చేతికి మిగిలేది

పై లెక్కలోని ఆమె 60,000 డాలర్లకు ఒప్పుకుందనుకుందాం. లాయర్ ఫీజు మూడో వంతు, అంటే 20,000. దావా వేశాక 40 శాతానికి పెరిగే ఒప్పందాలు చాలా ఉంటాయి, చదివి సంతకం పెట్టండి. రికార్డుల ఖర్చులు 2,500. ఆరోగ్య బీమా తాను చెల్లించిన 21,000 తిరిగి అడుగుతుంది. సెటిల్మెంట్ సొమ్ములోంచి అలా వసూలు చేసుకునే హక్కునే లియెన్ అంటారు. లాయర్ ఖర్చులో తన వాటాను భరించడానికి ఆ బీమా ఒప్పుకుంటే అది 14,000కు తగ్గుతుంది. ఇవన్నీ పోగా 23,500 మిగులుతుంది. అందులోంచి ఆమె పెట్టుకున్న 3,500, పోయిన జీతం 9,600 తీసేస్తే, ఆ నొప్పికి, మచ్చకు నిజంగా దక్కింది 10,400. ఈ చివరి అంకెను చూసుకోకుండా 60,000కు ఔనో కాదో చెప్పకూడదు. లియెన్‌ను మరో 4,000 తగ్గించుకోగలిగితే, ఆ 4,000 పూర్తిగా ఆమెదే. సెటిల్మెంట్‌ను 4,000 పెంచుకుంటే మాత్రం అందులో మూడో వంతు ఫీజుకు పోతుంది. అందుకే లియెన్ మీద బేరానికి కూడా అంతే పట్టుదల చూపించమని మీ లాయర్‌ను అడగండి.

మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ప్రమాదానికి సంబంధించి మెడికేర్ చెల్లించినదాన్ని సెటిల్మెంట్ నుంచి తిరిగి కట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి. పన్ను విషయంలో మాత్రం కొంత ఊరట ఉంది: శారీరక గాయానికి వచ్చిన పరిహారం, ఆ గాయం వల్ల పోయిన జీతంతో సహా, ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కలోకి రాదు. శిక్షగా విధించిన పరిహారం మీద, వడ్డీ మీద పన్ను ఉంటుంది.

గడువు, ఉత్తరం, సంతకం

దావా గడువు దాటితే పై లెక్కలన్నీ సున్నాయే. వ్యక్తిగత గాయాలకు టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, ఫ్లోరిడా, వర్జీనియాలలో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు, టెన్నెసీ, కెంటకీలలో ఒక్క ఏడాదే. పడినది ప్రభుత్వ స్థలంలో అయితే ఇంకా తొందరపడాలి: న్యూయార్క్‌లో నగర సంస్థలకు 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, కాలిఫోర్నియాలో ఆరు నెలల్లో క్లెయిమ్ దాఖలు చేయాలి. అడ్జస్టర్‌తో మర్యాదగా మాట్లాడుతూ ఉన్నంత మాత్రాన ఈ గడువు ఆగదు.

చికిత్స ముగిశాక డిమాండ్ లెటర్ పంపండి. ఏం జరిగింది, యజమానికి ఎందుకు తెలిసి ఉండాలి, ఏ రికార్డు ఏ నష్టాన్ని చూపుతోంది అన్నది వరుసగా రాసి, మీ శ్రేణి పైఅంచుకు పైన ఒక మొత్తం అడగండి. అడిగిన మొత్తం కంటే పైకి తర్వాత వెళ్లలేరు, అర్థం లేని మొత్తం అడిగితే ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోరు. పై లెక్కలో ఆమె నేనైతే 1,20,000 దగ్గర మొదలుపెట్టి, 50,000కు దిగువన ఒప్పుకోనని ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటాను. తక్కువ మొత్తంతో ప్రతిపాదన వస్తే కోపంతో కాక, ఏ అంశాన్ని తగ్గించారో రాతపూర్వకంగా చెప్పమని అడుగుతూ జవాబివ్వండి. రికార్డు చేసే వాంగ్మూలం అడిగితే, అవతలి బీమా కంపెనీకి అది ఇవ్వవలసిన బాధ్యత సాధారణంగా మీకు ఉండదు. ఆపరేషన్ దాకా వెళ్లిన గాయమైతే, తప్పులో మీ వాటా మీద వివాదం ఉంటే, లేదా ప్రభుత్వ స్థలమైతే, ఒంటరిగా బేరం చేయకుండా లాయర్‌ను కలవండి. ఇలాంటి కేసులు చూసే లాయర్లలో చాలామంది మొదటి సంప్రదింపుకు ఫీజు తీసుకోరు.

చివరి కాగితం విడుదల పత్రం. అందులో ఎవరెవరిని బాధ్యత నుంచి వదిలేస్తున్నారో పేర్లు చదవండి. శుభ్రం చేసే కాంట్రాక్టు సంస్థతో బేరం ఇంకా నడుస్తుంటే, ఆ పేరు అందులో ఉండకూడదు. లియెన్‌లన్నీ మీరే తీరుస్తారని, తేడా వస్తే అవతలివారిని మీరే కాపాడతారని రాసి ఉంటే, ప్రతి లియెన్ తుది మొత్తం రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా సంతకం ఆపండి. చెక్కు ఎవరి పేరున వస్తుందో, ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా అదే పత్రంలో రాయించుకోండి.